లేడి నడక చూసిన గీత

కార్టూన్ ఎలా ఉందని అడిగితే మన ఇళ్లలో రెండే జవాబులు వినిపిస్తాయి. పిల్లలు కదలకుండా కూర్చుని చూశారు కాబట్టి బాగుంది. లేదా, అందులో ఏదో నీతి ఉంది కాబట్టి బాగుంది. మామూలు సినిమా చూసొస్తే కెమెరా గురించి, పాటల గురించి, హీరో వేసుకున్న చొక్కా గురించి కూడా గంటసేపు మాట్లాడుకుంటాం. సెకనుకు పన్నెండు బొమ్మలో ఇరవై నాలుగు బొమ్మలో గీసిన చెయ్యి గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడం. నాకు ఆ చెయ్యంటేనే ఇష్టం. కొత్తగూడెం దగ్గర చండ్రుగొండలో ఉంటూ, టీవీలో వచ్చినవీ ఫోన్‌లో దొరికినవీ అన్నీ చూస్తూ వచ్చిన అభిమానిగా గట్టిగా చెప్పాలనిపించే మాట ఒకటుంది. మంచి కార్టూన్‌కీ నాసిరకం కార్టూన్‌కీ తేడా ఖర్చులో లేదు, కంప్యూటర్‌లో లేదు, మనదా జపాన్‌వాళ్లదా అన్నచోట అసలే లేదు. గీసినవాడు ఆ చెట్టునీ ఆ జంతువునీ ఆ మనిషి నడకనీ కళ్లారా చూశాడా లేదా అన్నదగ్గరే ఉంది.

పిల్లలకు ఈ తేడా తెలుస్తుంది. మా అక్క కూతురు నాలుగో తరగతి. ఓరోజు టీవీలో ఎవరో ఎవరినో తరుముతుంటే చూస్తూ చూస్తూ అడిగింది.

"మామయ్యా, ఆ చెట్టు ఇందాకే పోయింది గదా, మళ్లా వచ్చిందేంది?"

"ఏ చెట్టే?"

"అదిగో, కొమ్మ ఇరిగిన చెట్టు. ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. వాళ్లు ఉన్నకాడనే ఉరుకుతున్నరు."

ఉన్నకాడనే ఉరకడం! యానిమేషన్ పాఠాల్లో సైకిల్ అంటారు దీన్ని. పరిగెత్తే కాళ్ల బొమ్మలు ఎనిమిదో పన్నెండో గీసి వాటినే తిప్పితిప్పి వాడతారు. వెనకాల ఒక పొడవాటి దృశ్యం గీసి, చివరికి రాగానే మళ్లీ మొదటికి కలుపుతారు. ఈ పొదుపు మనవాళ్లు కనిపెట్టింది కాదు. టామ్ అండ్ జెర్రీకి ఏడు ఆస్కార్లు తెచ్చిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలే దీన్ని టీవీకి అలవాటు చేశారు. 1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. ఇద్దరూ టీవీ దారి పట్టారు. సినిమాకిచ్చే డబ్బు టీవీ ఇవ్వదు. అందుకని ఒళ్లు కదలకుండా ఉంచి తల, నోరు, ఒక చెయ్యి మాత్రం కదిలించే పద్ధతి పట్టుకున్నారు. యోగి ఎలుగుబంటి మెడకు కాలరూ టై ఎందుకున్నాయో తెలుసా? తలకూ మొండేనికీ మధ్య అతుకు కనిపించకుండా. తల ఒక్కటే మార్చి మార్చి గీస్తే సరిపోతుంది, ఒళ్లు పాతదే. 1960లో మొదలైన ఫ్లింట్‌స్టోన్స్‌లో ఫ్రెడ్ తన ఇంట్లో పరిగెడుతుంటే అదే కిటికీ మళ్లీ మళ్లీ వస్తుంది. అయినా ఆ కార్టూన్ నిలబడింది. ఎందుకంటే కదలని చోట కూడా ఆ బొమ్మ నిలుచున్న తీరులో మనిషి కనిపిస్తాడు. పొదుపు తప్పు కాదు. ఎక్కడ పొదుపు చెయ్యాలో తెలియకపోవడం తప్పు.

ఆ తెలివి మన నేల మీద ఎప్పటి నుంచో ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మ చేసేవాళ్లను చూడండి. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, రంగులద్ది, నగల చోట సన్నటి రంధ్రాలు పొడిచి, భుజం దగ్గర, మోచేతి దగ్గర, తొడ దగ్గర ముక్కలు కలిపి కడతారు. కదిలేవి ఆ కీళ్లే. ముఖం మారదు, కళ్లు మూసుకోవు, పెదవి ఆడదు. అయినా తెర మీద హనుమంతుడు కోపంగా వస్తున్నాడో, వినయంగా వస్తున్నాడో నడకలోనే తెలిసిపోతుంది. బొమ్మ ఆగిన తర్వాత కూడా వేలాడే చెయ్యి ఇంకో ఊపు ఊగుతుంది. డిస్నీ వాళ్లు పుస్తకాలకెక్కించిన సూత్రాల్లో అదొకటి: ఒళ్లు ఆగినా దాన్ని పట్టుకుని వేలాడేది వెంటనే ఆగదు. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తెర మీదికి వస్తే జనం ఇప్పటికీ నవ్వేది మాటలకు ఎంతో, ఆ ఊపులకూ అంతే. నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు జానపద కళకు గౌరవం అని రాశారు. నాకైతే అది మన మొదటి యానిమేటర్లకు దక్కిన గౌరవంగా తోచింది. జర్మనీలో లొట్టె రైనిగర్ నల్ల కాగితం బొమ్మలను ఇలాగే కీళ్ల దగ్గర కలిపి, ఒక్కో ఫ్రేమ్‌కు కొంచెం కొంచెం జరుపుతూ 1926లో ప్రిన్స్ అహ్మద్ కథను పూర్తి నిడివి సినిమాగా తీసింది. ఇప్పటికీ దొరికే పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అదే అన్నిటికంటే పాతది.

ఇవాళ టీవీ సీరియల్ కార్టూన్లలో చాలావాటికి మూలం ఇదే పద్ధతి. కంప్యూటర్‌లో చేతులు, కాళ్లు, కళ్లు విడిగా గీసి పెట్టుకుంటారు, కలిపి కదిలిస్తారు. ఇక్కడే హైదరాబాద్ మాట రావాలి. రాజీవ్ చిలక 2001లో మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో పోగో చానెల్‌లోకి ఛోటా భీమ్ వచ్చాడు. మా ఊళ్లో స్కూలు బ్యాగుల మీద, పెన్సిల్ డబ్బాల మీద, బర్త్‌డే కేకుల మీద వాడే. అభిమానిగా నా మార్కులు ఇవి. పాత్రల ఆకారాలకు నూటికి నూరు. నారింజ రంగు పంచె, గుండ్రటి తల, కాలియా భారీ ఒళ్లు, చుట్కీ బుగ్గల మీది ఎర్రటి చుక్కలు. అందరినీ నల్లగా నీడల్లా మార్చేసినా ఎవరెవరో చెప్పెయ్యొచ్చు. పాత్రను దిద్దేవాడికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు. దెబ్బకు మాత్రం బరువు తక్కువ. భీమ్ గుద్దితే శత్రువు ఎగిరిపోతాడు, కానీ ఆ గుద్దుకు ముందు భుజం వెనక్కి వెళ్లదు, నడుము తిరగదు, పాదం నేలను తన్నదు. లడ్డూ తిన్నాక వచ్చిన బలం ఒంట్లో కనిపించదు, సంగీతంలో వినిపిస్తుంది.

అదే సంస్థ 2019లో నెట్‌ఫ్లిక్స్ కోసం చేసిన మైటీ లిటిల్ భీమ్ చూడండి. అందులో మాటలు దాదాపు లేవు. మాట లేకపోతే దాక్కోవడానికి చోటుండదు, ఒళ్లే నటించాలి. ఆ పసివాడు పాకుతుంటే డైపర్ బరువు వెనకాల ఊగుతుంది. లేచి నిలబడే ముందు చేతులు నేలను నొక్కుతాయి, తల ముందుకు తూలుతుంది, కూలబడితే కాసేపు తనకేమైందో తనకే అర్థం కాదు. ఎవరో ఇంట్లో నిజం పిల్లవాణ్ని గంటలకొద్దీ చూసి చేసిన పని అది. హైదరాబాద్ చేతులకు సత్తా తక్కువన్నవాళ్లకు ఇదొక్కటి చూపిస్తే చాలు. 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకున్న తెలుగు సినిమా 'కిట్టు' కూడా ఒకటుంది, ఇప్పుడెవరూ తలచుకోవడం లేదు.

టామ్ అండ్ జెర్రీ దగ్గరకు ఒకసారి వెనక్కి వెళ్తాను, గీసిన చేతిని గుర్తుపట్టడం నాకు వాటితోనే అలవాటైంది. పిల్లీ ఎలుకా అవే, పేరూ అదే, కానీ అన్నీ ఒకరు గీసినవి కావు. 1961, 62 సంవత్సరాల్లో వచ్చిన పదమూడింటిని జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో చేయించాడు. కదలిక కుదుపులతో ఉంటుంది, శబ్దాలు గుహలోంచి వచ్చినట్టుంటాయి. తర్వాత 1963 నుంచి 67 వరకు వచ్చిన ముప్పై నాలుగూ చక్ జోన్స్ ఆధ్వర్యంలోవి. టామ్ కనుబొమలు దట్టంగా పెరిగాయి, పరుగు తగ్గింది, ఆగి చూడటం పెరిగింది. టామ్ కిందపడే ముందు మనవైపు ఒక చూపు చూస్తే ఆ బొమ్మ ఎవరిదో పేరు పడకముందే చెప్పొచ్చు. బాపు బొమ్మనీ వడ్డాది పాపయ్య బొమ్మనీ సంతకం చూడకుండా గుర్తుపట్టే తెలుగువాళ్లకు ఇది కష్టమైన విద్య కాదు. అలవాటు లేదు, అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. కార్టూన్ చరిత్రలో ఒక లేడి దారి ఉంది, ఆ దారి మా అడవి దాకా వస్తుంది.

1942లో డిస్నీ బ్యాంబీ విడుదలైంది. లేడి పిల్ల కథ. గీసేవాళ్లు చూసుకుంటారని రెండు నిజం లేడి పిల్లలను మెయిన్ రాష్ట్రం నుంచి స్టూడియోకి తెప్పించారు. జంతువుల ఎముకలు, కండరాల కట్టు గురించి రికో లెబ్రన్ పాఠాలు చెప్పాడు. అడవి దృశ్యాలకు టైరస్ వాంగ్ అనే చైనా సంతతి చిత్రకారుడు పాత చైనా చిత్రాల నుంచి ఒక పద్ధతి తెచ్చాడు. ప్రతి ఆకూ గీయకుండా, వెలుగునీ పొగమంచునీ వేసి, లేడి నిలుచున్న చోట మాత్రం గీతను స్పష్టంగా ఉంచడం. ఆ బ్యాంబీకి పనిచేసిన యానిమేటర్లలో క్లెయిర్ వీక్స్ ఒకడు. 1956లో ఆయన బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్‌లో మనవాళ్లకు కార్టూన్ నేర్పాడు. అక్కడ 1957లో తయారైన సినిమా 'బన్యన్ డీర్', జాతక కథలోని లేడి కథే. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్లలో ఒకరు రామ్‌మోహన్. తర్వాతి కాలంలో భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కు అనిపించుకున్నారు, 2014లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో కన్నుమూశారు.

ఆ రామ్‌మోహనే జపాన్‌కు చెందిన కొయిచి ససాకీ, యుగో సాకోలతో కలిసి 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' తీశారు. సాకో 1983లో పురావస్తు తవ్వకాల మీద డాక్యుమెంటరీ పనికి మన దేశం వచ్చి రామాయణంలో పడిపోయాడు. దేవుళ్లను కార్టూన్‌గా గీయడమేమిటన్న అభ్యంతరాలు ఇక్కడ లేచాయి. గీత పని జపాన్‌లో జరిగింది. దాదాపు నాలుగు వందల యాభై మంది కళాకారులు, చేత్తో గీసిన లక్ష దాకా సెల్స్, అంటే పారదర్శకమైన రేకుల మీది బొమ్మలు. 1993లో ఢిల్లీ చిత్రోత్సవంలో చూపించారు. మన థియేటర్లలో సరిగ్గా విడుదలై తెలుగు మాటలతో రావడానికి 2025 జనవరి 24 దాకా పట్టింది. ఒక తరం పిల్లలు ఆ బొమ్మను పెద్దతెర మీద చూడకుండానే పెద్దవాళ్లైపోయారు, నాకు ఆ బాధ తీరలేదు.

ఆ సినిమాలో కుంభకర్ణుడి ఘట్టం నా దృష్టిలో బరువు గీయడానికి ఒక పాఠం. పెద్దగా గీస్తే పెద్దవాడైపోడు. పాదం లేవడానికి ఎన్ని బొమ్మలు, నేలను తాకాక ఒళ్లు కుదుటపడటానికి ఇంకెన్ని, చుట్టూ ఉన్న చిన్నవాళ్లు అంతలో ఎన్ని అడుగులు వేస్తారు అన్న లెక్కలోంచి వస్తుంది బరువు. భీమ్ గుద్దులో నాకు దొరకనిది ఇక్కడ కడుపునిండా దొరికింది.

మరి మాయలేడి? భద్రాచలానికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. సీతమ్మ ఆరేసిన నారచీర గుర్తులని వాగులో రాళ్ల మీది రంగు చారలను చూపిస్తారు. మారీచుడు వచ్చింది అక్కడికేనని ఇటువైపు అందరి నమ్మకం. అంటే రామాయణాన్ని కార్టూన్‌గా గీసే ప్రతివాడూ, తెలిసినా తెలియకపోయినా, మా అడవినే గీస్తున్నాడు. అందుకే మాకు అడిగే హక్కుంది: మా అడవి ఇలాగే ఉంటుందా?

కార్టూన్ అడవి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. కాండం గోధుమరంగు, పైన ఆకుపచ్చ బుడగ. ఆ జపాన్ రామాయణంలో వెనకటి దృశ్యాలు చేత్తో రంగులద్ది ప్రాణం పెట్టి వేసినవే, అయినా అక్కడా పచ్చదనానిదే పైచేయి. చండ్రుగొండ నుంచి బెండాలపాడు మీదుగా కనకగిరి గుట్టలవైపు మార్చిలో వెళ్లి చూడండి. ఇది ఆకు రాల్చే అడవి. టేకు ఆకంతా కింద ఉంటుంది, చాటంత ఆకులు ఎండి ముడుచుకుని, అడుగేస్తే కరకరమంటాయి. దాని వెనకాల నల్లమద్ది, మొసలి వీపులా పగిలిన బెరడుతో. మోదుగ చెట్టుకు ఆకు ఒక్కటీ లేకుండా ఒళ్లంతా పువ్వే. తెల్లవారుజామున ఇప్పపూలు రాలి నేల మీద లేత పసుపు పరుచుకుంటుంది. ఏప్రిల్ దాటితే తునికాకు ఏరేవాళ్లు ఈ మోడు చెట్ల మధ్యే తిరుగుతుంటారు. నేల రంగు, గుట్ట రంగు, చెట్టు రంగు దాదాపు ఒకటే: ఎండిన గోధుమ, బూడిద, అక్కడక్కడా నారింజ. వానలు పడ్డాక అంతా మారిపోతుంది, టేకు తెల్లగా పూస్తుంది, అప్పుడు కార్టూన్లలో చూసే పచ్చదనం వస్తుంది. ఏడాదిలో కొన్ని నెలలే అది.

ఇప్పుడు ఆ ఎండు అడవిలో బంగారు లేడిని పెట్టి చూడండి. వాల్మీకి దాని ఒంటి మీద వెండి చుక్కలున్నాయన్నాడు. చుక్కల దుప్పి మా అడవి జంతువే. పచ్చటి అడవిలో బంగారు లేడి దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అందులో మాయ లేదు. ఎండిన గోధుమరంగు అడవిలో అయితే అది నిలుచుంటే కలిసిపోతుంది, కదిలితే మెరుస్తుంది. ఉందా లేదా అన్నట్టు ఊరిస్తూ రాముణ్ని దూరం తీసుకుపోవాల్సిన లేడికి అంతకంటే ఏం కావాలి? కథకు కావలసినదంతా రంగు ఎంపికలోనే ఉంది. నడకా అంతే. దుప్పి అనుమానం వస్తే పరిగెత్తదు. ముందు ఆగుతుంది. మెడ నిటారుగా లేస్తుంది, చెవులు ముందుకు తిరుగుతాయి, ముందు కాలొకటి ఎత్తి టపీమని నేలను కొడుతుంది. తోక లేపితే కింద తెలుపు కనబడుతుంది. ఆ తర్వాతే గంతు. మారీచుడు మనిషి బుద్ధి ఉన్న లేడి కదా, వాడు ఆ ఆగడాన్ని రాముణ్ని దగ్గరికి రానివ్వడానికి వాడుకుంటాడు, కాలెత్తి దించకుండా అలాగే ఉంచి చూస్తాడు. ఇది గీసిన యానిమేటర్ నాకింకా కనిపించలేదు. ప్రిన్సెస్ మొనొనొకె కోసం జపాన్ దర్శకుడు మియజాకి బృందం యకుషిమ దీవి అడవికి వెళ్లి చూసి వచ్చి గీసింది, 1997లో విడుదలైన ఆ సినిమాలో నాచు పట్టిన రాయి తడి కూడా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి కొత్తగూడెం రావడానికి సముద్రం దాటాల్సిన పని లేదు.

బొమ్మలు పెట్టి కథ నడిపించడం ఈ అడవికి కొత్త కాదని కూడా చెప్పాలి. కోయల్లో డోలీలు పడిగె పట్టుకుని వంశకథలు పాడతారు. పడిగె మూడు మూలల పొడవాటి గుడ్డ, దాని నిండా పూర్వికులు, జంతువులు, యుద్ధాలు. ఎవరు ఎవరి తర్వాతో, ఏది పెద్దగా ఉండాలో, ఏది చిన్నగా ఉండాలో అందులో ఒక క్రమం ఉంటుంది. మణుగూరువైపు నుంచి ఆ పాటను మోసుకొచ్చిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. చేర్యాల నకాషీలు ఎర్రటి నేపథ్యం మీద కథను పటంగా, గడి తర్వాత గడిగా దించుతారు. నేడు స్టోరీబోర్డ్ అంటున్నది అదే పని. నేపథ్యం ఎర్రగా ఉంచడం వల్ల ముందున్న మనిషి దానంతటదే పైకి తేలుతాడు, లోతు కోసం నీడలు వేయాల్సిన పని పడదు. ఈ చదునైన బొమ్మల బలం తెలియకనే మన స్టూడియోలు ఎవరిదో మెరుపు కోసం పరిగెడుతున్నాయని నా ఫిర్యాదు.

మెరుపంటే త్రీడీ గుర్తొస్తుంది. 2025 జులైలో అశ్విన్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన మహావతార్ నరసింహ తెలుగునాట కూడా జనాన్ని థియేటర్లకు లాగింది. కార్టూన్ అంటే పిల్లలకే అన్న మాట ఆ దెబ్బతో పోయింది, అందుకు ఆ బృందానికి చేతులెత్తి దండం పెడతాను. స్తంభం పగిలిన తర్వాతి ఘట్టంలో వేగమూ ఉగ్రమూ నిజంగా ఉన్నాయి. కానీ మాటలు నడిచే సన్నివేశాల్లో ముఖాలు నున్నగా బిగుసుకుపోయాయి. నోరు కదులుతుంది, చెంప కదలదు. ఇంతకంటే చాలా తక్కువ గీతలతో తోలుబొమ్మ ఎక్కువ మాట్లాడుతుందని నేను అనడం అందుకే. స్పైడర్-మ్యాన్: ఇంటు ది స్పైడర్-వర్స్‌లో కొత్తగా స్పైడర్-మ్యాన్ అయిన మైల్స్ ఇంకా తడబడుతున్నప్పుడు అతని కదలికకు సెకనుకు పన్నెండు బొమ్మలే వాడారు, పక్కనున్న అనుభవజ్ఞుడికి ఇరవై నాలుగు. కంప్యూటర్ చేతిలో ఉండీ బొమ్మలు తగ్గించుకున్నారు, తడబాటు కనబడాలని.

నేను ఎదురుచూసే బొమ్మ ఒకటుంది. రాజమండ్రి నుంచి గోదావరి మీద భద్రాచలం దాకా లాంచీని నడిపించి 1973లో అందాల రాముడు తీసిన బాపు, సినిమా తీసే ముందు షాట్లన్నీ బొమ్మలు గీసుకునేవారు. ఆయన గీతలో కదలిక ముందే ఉంది. కుంచె వత్తిన చోట లావు, తిప్పిన చోట సన్నం. ఆ గీతను కంప్యూటర్‌లో సమానంగా సాపు చేస్తే చచ్చిపోతుంది. ఎలా బతికించాలో 1999లో ఇసావో తకహాత చూపించాడు: పత్రికలో నాలుగు గడుల కార్టూన్‌గా వచ్చే యమద కుటుంబాన్ని సినిమాగా తీస్తూ తెల్ల కాగితాన్ని తెల్లగానే వదిలేశాడు. నీటిరంగు గీత దాటి పోతే పోనిచ్చాడు, కుర్చీ కావాల్సి వస్తేనే కుర్చీ గీశాడు. బాపు గీసిన బుడుగును నేను అలా చూడాలి. వెనకాల ఇల్లూ వీధీ అక్కర్లేదు, ఒక గోడ గీత, ఒక గుమ్మం గీత చాలు. వాడు అబద్ధం చెప్పే ముందు ఒక్క క్షణం ఆగాలి, ఆగినప్పుడు బొడ్డు కాస్త ముందుకు రావాలి. సీగానపెసూనాంబ చర్రున తిరిగితే జడ ఆమె వెనకాల ఆలస్యంగా తిరగాలి, తిరిగేటప్పుడు ఆ గీత లావెక్కి చివర సన్నబడాలి. సెకనుకు పన్నెండు చొప్పున అయిదు నిమిషాలకు 3,600 గీతబొమ్మలు. ఏళ్ల తరబడి విదేశీ స్టూడియోల బొమ్మలకు మధ్య బొమ్మలు గీసిపెట్టిన చేతులు హైదరాబాద్‌లో ఉన్నాయి, ఆ పని వాళ్లకు ఎవరు అప్పగిస్తారా అని చూస్తున్నాను.